పన్నెండో నంబరు

"రేపు పొద్దున పదింటికి ఆ కుర్రాడు వస్తున్నాడు వెండెల్. ట్రక్కు తాళాలు నీ చేత్తోనే ఇప్పిద్దామనుకుంటున్నా. పాత పన్నెండో నంబరు, కొత్త పన్నెండో నంబరు. ఫొటో అదిరిపోతుంది."

గురువారం సాయంత్రం షోరూము మూసే ముందు హోయ్ట్ గెంట్రీ ఆ మాట అన్నాడు. వెండెల్ స్ట్రౌడ్ తల ఊపాడు. పదకొండేళ్లుగా ఆయన దగ్గర ట్రక్కులు అమ్ముకుని బతుకుతున్నవాడు తల ఊపక ఏం చేస్తాడు?

మొదటినుంచీ ఈ కథ వెంట నడుస్తున్నవారికి ఆ తల ఊపడం ఎంత బరువో తెలుసు. తెలియనివారికి నాలుగు ముక్కలు. పందొమ్మిదేళ్ల కిందట కాల్డర్ స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుకి, అంటే ఆ ఊరివాళ్లు ప్రాణంగా చూసుకునే కందిరీగల జట్టుకి, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ వెండెలే. చివరి ఏడాది వరసగా నాలుగు ఆటలు గెలిపించాడు. ఆ శరదృతువులోనే తల్లికి మూత్రపిండాలు చెడిపోయి, రక్తం శుద్ధి చేయించడానికి వారానికి మూడుసార్లు బర్మింగ్‌హామ్ ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. హోయ్ట్ జాలిపడి, అమ్మకానికి పెట్టిన పాత పికప్ ట్రక్కు ఒకటి మూడు వారాలు వాడుకోమన్నాడు. కాలేజీ ఆటగాడు అభిమాని దగ్గర ఒక పూట భోజనం పుచ్చుకున్నా నేరమైన రోజులవి. ఎవరో యూనివర్సిటీకి ఫోను చేశారు. అంతటితో వెండెల్ ఆట ముగిసింది. గెలిచిన నాలుగు ఆటలనూ రికార్డుల్లోంచి కొట్టేశారు. పెద్ద లీగు జట్లు అతని పేరెత్తడం మానేశాయి. ఆ ఫోను ఎవరు చేశారో మాత్రం అతనికి ఇవాళ్టికీ తెలియదు.

ఇప్పుడు రూలు మారింది. యూనివర్సిటీయే ఆటగాళ్లకు బాహాటంగా డబ్బిస్తోంది. ఊళ్లో వ్యాపారులు వాళ్ల మొహాలు హోర్డింగుల మీద వేసుకుని పైనుంచి ఇంకా ఇస్తున్నారు. రేపు వెండెల్ తాళాలు అందించాల్సింది, ఇప్పుడు అతని పన్నెండో నంబరుతో ఆడుతున్న కోల్బీ రెంఫ్రో అనే ఇరవై ఏళ్ల కుర్రాడికి. ట్రక్కు కొత్తది. ఇందులో ఎవరి తప్పూ లేదు.

శుక్రవారం పొద్దున వెండెల్ వంటగదిలోకి వచ్చేసరికి భార్య రెనీటా పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ఒంటిమీద పసుపుపచ్చ జెర్సీ. ముందు పన్నెండు. ఆమె కాఫీ కోసం ఇటు తిరగ్గానే వీపు మీద పన్నెండు, దాని పైన నల్లటి అక్షరాల్లో రెంఫ్రో.

"ఎప్పుడు కొన్నావు?" అన్నాడు.

"మొన్న. స్కూల్లో అందరూ వేసుకొస్తున్నారు వెండ్. రేపు ఎల్డ్రిడ్జ్ కాలేజీతో ఆట కదా, ఆఫీసులో నేనొక్కదాన్నే మామూలు బట్టల్లో కూర్చుంటే ఏం బావుంటుంది?"

"అది నా నంబరు."

"నీ పేరున్న చొక్కా దొరికితే అదే కొనేదాన్ని. దొరకదుగా." అంది రెనీటా. అన్నాక నాలుక కరుచుకుని అతని చెయ్యి పట్టుకోబోయింది. వెండెల్ కప్పు అందుకునే నెపంతో ఆ చెయ్యి తప్పించుకున్నాడు.

నిజమే, దొరకదు. అతని రోజుల్లోనూ దొరకలేదు. పన్నెండో నంబరు చొక్కాలు వేలకు వేలు అమ్ముడుపోయాయి. పేరు మాత్రం వేసేవారు కాదు; పేరు వేస్తే ఆటగాడికి వాటా ఇవ్వాలేమోనని యూనివర్సిటీకి భయం. శనివారాల్లో మైదానంలోంచి పైకి చూస్తే గ్యాలరీ అంతా పన్నెండే కనిపించేది. వాటిలో ఒక్కటి కూడా అతనిది కాదు.

"మధ్యాహ్నం భోజనం పట్టుకొస్తాను. ట్రక్కు చూసినట్టూ ఉంటుంది." అంది రెనీటా. ఆపైన ఫోనులో ఏదో చూసి ఫక్కున నవ్వింది. "ఈ కోల్బీ చూడు, నిన్న ముసలమ్మతో డాన్సు చేశాడట!"

లేచి అరగంట కాలేదు. ఆమె నోట కోల్బీ పేరు రావడం ఇది నాలుగోసారి. లెక్కపెట్టుకోకూడదనే అనుకున్నాడు వెండెల్.

తొమ్మిదిన్నరకే షోరూము ముందు వరస రోడ్డు దాకా పెరిగింది. ఎవరో పెద్ద డేగిసా పెట్టి వేరుశనక్కాయలు ఉడికిస్తున్నారు. ఉప్పు ఆవిరి గాజు తలుపుల్లోంచి లోపలికి కొడుతోంది. వరసలో అందరికంటే ముందు ఆర్లిస్ టిడ్వెల్. డెబ్భై రెండేళ్లవాడు. రోజూ ఊరికే వచ్చే కాఫీ కోసం షోరూముకు వచ్చి, ట్రక్కులు కొనకుండా కబుర్లు చెప్పిపోయే మనిషి.

"యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చిందిరా వెండెల్. స్టేడియంలో నలభై ఏళ్లుగా కూర్చుంటున్న సీటు నాది. ఇప్పుడు ఆటగాళ్ల నిధికి చందా కడితేనే ఉంటుందట. లేకపోతే పైకెక్కి కూర్చోవాలట, గద్దలతో పాటు. ఈ ఆటగాళ్ల పేర్లు నోటికొచ్చేసరికి అక్టోబరు అవుతుంది. జనవరికి ఒక్కడూ ఉండడు. ఈ రెంఫ్రోకి ఇది మూడో కాలేజీ, మూడేళ్లలో!"

"మరి వరసలో ఎందుకు నిలబడ్డావు?"

"టోపీ మీద సంతకం పెట్టించుకుందామని."

వెండెల్ నవ్వలేదు. "మిస్టర్ ఆర్లిస్, పందొమ్మిదేళ్ల కిందట నువ్వు రేడియోకి ఫోను చేసి నా గురించి ఏమన్నావో గుర్తుందా?"

ఆర్లిస్ చేతిలోని కాఫీ కప్పులోకి చూశాడు. "ఏదో అనుంటాను."

"ట్రక్కు కోసం జట్టు పరువు అమ్ముకున్నాడన్నావు. మా అమ్మ ఆసుపత్రి మంచం మీద వింది."

"అప్పటి రూలు అది కదరా. ఇప్పుడు రూలు ఇది. కుర్రాడు ఒళ్లు హూనం చేసుకుంటున్నాడు, నాలుగు డబ్బులు తీసుకుంటే తప్పేముంది?" అన్నాడు ఆర్లిస్, నిష్కల్మషంగా. రెండు మాటలూ అన్నది ఒకే నోరని ఆ ముసలాయనకు తట్టనే లేదు. వెండెల్‌కి ఒళ్లు మండింది అందుకే. ఆయన అబద్ధమాడి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

పదింటికి రెంఫ్రో వచ్చాడు. ఒక్కడే, నడుచుకుంటూ, చేతులు జేబుల్లో పెట్టుకుని. పొడుగ్గా ఉన్నాడు, మొటిమలు ఇంకా పోలేదు. వరసలో ఉన్న ప్రతివాళ్లనీ పలకరించాడు. చంటిబిడ్డను ఎత్తుకున్నాడు. వాడు పొగరుబోతైతే బాగుండునని వెండెల్ వారం రోజులుగా కోరుకుంటున్నాడు. ఆ సుఖం కూడా దక్కలేదు.

"మిస్టర్ స్ట్రౌడ్!" కుర్రాడు నేరుగా అతని దగ్గరికే వచ్చి రెండు చేతులతో చెయ్యి పట్టుకున్నాడు. "సార్, మీరు ఇక్కడ పనిచేస్తారని తెలిస్తే ఎప్పుడో వచ్చేవాణ్ణి. మీ ఆటలన్నీ చూశాను. రికార్డుల్లో లేకపోయినా వీడియోలున్నాయి కదా. ఎడమకాలు మీద ఆగి అడ్డంగా విసురుతారే, అది మీ దగ్గరే నేర్చుకున్నా. మా కోచ్ దాన్ని నా స్టైలంటాడు!"

చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. నంబరు తీసుకున్నాడు, చివరికి ఆ విసురు కూడా తీసుకున్నాడు, అదీ ఎంత ముద్దుగా చెప్పి తీసుకున్నాడు అనుకున్నాడు వెండెల్. నవ్వాడు. తాళాలు అందించాడు.

హోయ్ట్ ఫోను పైకెత్తి రెండు ఫొటోలు తీశాడు. మూడోది తియ్యబోతూ చెయ్యి ఊపాడు. "వెండెల్, కాస్త పక్కకి జరుగు. ట్రక్కు మీద మన పేరుకి అడ్డమొస్తున్నావు."

వెండెల్ పక్కకి జరిగాడు.

"బండి కాస్త నేర్పిస్తారా సార్? ఇన్ని బొత్తాలున్న దాన్ని నేనెప్పుడూ నడపలేదు." అన్నాడు కుర్రాడు. ఇద్దరూ ఎక్కారు. స్టేడియం వైపు మలుపు తిరిగాక, రోడ్డు పక్కన ఆపించి, అతని ఫోను తీసుకుని బండికి కలిపాడు వెండెల్. ఇక కాల్ వస్తే చెయ్యి పెట్టక్కర్లేదు, బండే మాట్లాడుతుందని చెబుతుండగానే మోగింది. కుర్రాడు కంగారుగా ఏదో బొత్తాం నొక్కాడు.

"కోల్బీ!" గొంతు బండి నాలుగు మూలల్లోంచీ వచ్చింది. "ఎల్డ్రిడ్జ్ వాళ్లు ఒప్పేసుకున్నారు బాబూ! మనం అడిగినంతా! జనవరికల్లా నువ్వక్కడ ఉంటావు. రేపు మాత్రం ఒళ్లు దాచుకుని ఆడు, వింటున్నావా? బంతి పట్టుకుని పరిగెత్తకు. మీదికొస్తే బయటికి విసిరేసి కూర్చో. భుజానికి ఏమైనా అయిందా, మొత్తం గోవిందా. హలో? కోల్బీ?"

కుర్రాడు తడుముకుని కాల్ కట్ చేశాడు.

ఎల్డ్రిడ్జ్. ఆ పేరు వింటే కాల్డర్‌లో పసిపిల్లలు కూడా మొహం చిట్లిస్తారు. రేపటి ఆట వాళ్లతోనే. డబ్బు పుచ్చుకోవడం ఈ రోజుల్లో తప్పు కాకపోవచ్చు కానీ, సీజను మధ్యలో ఇంకో కాలేజీతో బేరాలాడటం ఇప్పటికీ తప్పే. బయటపడితే వాణ్ణి ఆటలోంచి తీసేసి కూర్చోబెట్టడం ఖాయం.

"ఎవరది?" అన్నాడు వెండెల్, తెలిసే.

"మా ఏజెంటు సార్." కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. "దయచేసి ఎవరికీ చెప్పకండి."

"ఆ జనాన్ని చూశావుగా? ఆ ముసలాయన సీటు పోగొట్టుకుని కూడా నీ సంతకం కోసం గంట నిలబడ్డాడు. వాళ్ల మొహం మీద నవ్వి, వాళ్ల ట్రక్కు తీసుకుని, ఎల్డ్రిడ్జ్‌కి పోతావా?"

"పోయినేడు మా పాత కోచ్ మమ్మల్నందర్నీ తన కాలేజీకి రప్పించి, ఆర్నెల్లకే తనకి ఎక్కువిస్తామన్నచోటికి పోయాడు. ఆయన్నెవరూ ద్రోహి అనలేదు. కొత్త ఊళ్లో విందు చేశారు. నేను పోతే ద్రోహినా?"

"రేపు ఒళ్లు దాచుకుంటావా?"

"లేదు సార్! అది వాడి మాట. రేపు గెలవడానికే ఆడతా. నామీద ఒట్టు." కుర్రాడు స్టీరింగు రెండు చేతులా పట్టుకున్నాడు. "కానీ మోకాలు ఒక్కసారి పోయిందంటే ఈ ఊరికి నేనెవరో గుర్తుంటుందా? పన్నెండో నంబరు ఇంకొకడికి ఇస్తారు. ఆ సంగతి మీకంటే ఎవరికి తెలుసు?"

దెప్పిపొడుద్దామని అన్నది కాదు. అది వెండెల్‌కి అర్థమైంది. అయినా ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

"సరేలే. నేనెవరికీ చెప్పను. బండి పోనీ." అన్నాడు.

అన్నప్పుడు అది నిజమే. షోరూము దగ్గర దిగి, ట్రక్కు మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి అడుగుపెట్టేదాకా కూడా నిజమే. లోపల ఆర్లిస్ కుర్చీలో కూర్చుని, సంతకం ఉన్న టోపీని ఒళ్లో పెట్టుకుని కళ్లు తుడుచుకుంటున్నాడు.

"నలభై ఏళ్లుగా చూస్తున్నానురా. ఇలాంటివాణ్ణి ఈ ఊరు చూడలేదు. వీడి ముందు అందరూ దిగదుడుపే." అన్నాడు. ఒక్క క్షణం ఆగి, ఎదురుగా ఉన్నది ఎవరో గుర్తొచ్చినట్టు, "నువ్వూ బాగానే ఆడేవాడివిలే." అన్నాడు.

ఆ 'లే' దగ్గర వెండెల్‌లో ఏదో తెగింది.

హోయ్ట్ గది తలుపు తట్టకుండానే తోశాడు. హోయ్ట్ ఫోనులో ఫొటోలు చూసుకుంటున్నాడు. బల్లమీద తెరలో ట్రక్కు ముందు కుర్రాడొక్కడే నవ్వుతున్నాడు. దాని కింద అప్పటికే నాలుగు వందల మంది ఏవేవో రాశారు.

"మిస్టర్ హోయ్ట్, మీ వాడు ఎల్డ్రిడ్జ్‌తో బేరమాడుకున్నాడు. నా చెవులతో విన్నాను."

మొత్తం చెప్పాడు. ఏజెంటు మాటలు, ఒళ్లు దాచుకోమనడం, జనవరి, అన్నీ. కుర్రాడు గెలవడానికే ఆడతానని ఒట్టేసిన మాట మాత్రం చెప్పలేదు. చెప్పడం లేదని తెలుస్తూనే ఉంది. పైగా చల్లటి నీళ్లు తాగుతున్నట్టు హాయిగా ఉంది. ఆ హాయికి అతనికే భయం వేసింది.

హోయ్ట్ మొహం ఎర్రబడింది. కోపం కుర్రాడి మీద కాదని తెలియడానికి వెండెల్‌కి కొంతసేపు పట్టింది.

"రేపు ఆట పెట్టుకుని ఇది నాకెందుకు చెప్పావు? తెలియకపోతే హాయిగా చూసేవాణ్ణి కదా! ఇప్పుడు నేనేం చెయ్యాలి? యూనివర్సిటీకి చెబితే రేపు వాడుండడు, ఓడిపోతాం. చెప్పకపోతే రేపు వాడు విసిరిన ప్రతి బంతీ అనుమానంగా చూడాలి. ఎటూ నా శనివారం నాశనం చేశావు."

"నిజం చెప్పాను."

"నిజమా? నీ కడుపు మంట చెప్పావు. పొద్దుట్నుంచీ చూస్తున్నాగా నీ మొహం!" హోయ్ట్ బల్ల మీద కొట్టాడు. "అసలు మీ ఇంటివాళ్లకి ఇదేం బుద్ధయ్యా! ఒకరు అయ్యాక ఒకరు, ఇదే షోరూములో ఇదే పని!"

అన్నాక ఆగాడు. కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"మా ఇంటివాళ్లా?" అన్నాడు వెండెల్.

"ఏదో కోపంలో అన్నా. వెళ్లు."

"మా ఇంట్లో ఎవరు? మా అమ్మ పోయి పద్దెనిమిదేళ్లయింది. నాకు తోబుట్టువులు లేరు." లోపలికొచ్చి తలుపు మూశాడు. "ఎవరు మిస్టర్ హోయ్ట్?"

బయట ఎవరో ట్రక్కు హారను కొట్టారు, జనం కేరింతలు. హోయ్ట్ కిటికీ వైపు చూస్తూ, చెప్పడం కంటే దింపుకోవడం లాగా చెప్పాడు.

"నీ ఆట ముగిసిన ఆ నెల మన షోరూము టెలిఫోను బిల్లులో యూనివర్సిటీ నంబరు ఉంది. మంగళవారం, మధ్యాహ్నం ఒంటిగంటా పది. ఆ టైములో మేమందరం భోజనానికి పోయేవాళ్లం. ముందు బల్ల దగ్గర ఒక్కర్తే ఉండేది. నువ్వు ట్రక్కు తీసుకున్న రోజు కాగితం టైపు చేసింది కూడా ఆ పిల్లే."

ఆ ఏడాది గెంట్రీ షోరూములో ముందు బల్ల దగ్గర కూర్చుని ఫోన్లు ఎత్తే పిల్లకి ఇరవై ఏళ్లు. వెండెల్ ఆమెను మొదటిసారి చూసింది అక్కడే. ఆ తరవాతి వేసవిలో పెళ్లి చేసుకున్నాడు.

"అడిగాను. ఏడ్చింది. నీకు చెప్పొద్దని కాళ్లమీద పడింది. అప్పటికే మీరిద్దరూ ఉంగరాలు చూసుకుంటున్నారు. నేను నోరు మూసుకున్నాను. నువ్వు ఉద్యోగం లేక తిరుగుతుంటే పిలిచి ఇచ్చింది ఎందుకనుకున్నావు?"

పందొమ్మిదేళ్లుగా మనసులో పేర్లు పెట్టుకుని ద్వేషించినవాళ్లంతా వెండెల్‌కి వరసగా గుర్తొచ్చారు. ఆడే అవకాశం రాక బెంచీ మీద కూర్చున్న రెండో క్వార్టర్‌బ్యాక్, ఎల్డ్రిడ్జ్ అభిమానులు, ఆర్లిస్ కూడా. ఒక్కొక్కణ్ణి ఒక్కో ఏడాది. వాళ్లలో ఎవరూ కాదు. ఆ మనిషి ప్రతి రోజూ తన పక్కనే నిద్ర లేచింది.

"యూనివర్సిటీకి ఫోను చెయ్యకండి." అన్నాడు, తనకే తెలియని గొంతుతో. "ఆ కుర్రాడు గెలవడానికే ఆడతానన్నాడు. ఆ మాట మీకు చెప్పకుండా దాచాను."

హోయ్ట్ కళ్లజోడు పెట్టుకుని అతన్ని చూశాడు. "ఆలస్యమైంది వెండెల్. తలుపు తెరిచే ఉంచావు, గట్టిగా చెప్పావు. బయట ఆర్లిస్ ఉన్నాడు."

వెండెల్ తలుపు తెరిచాడు. ఆర్లిస్ కూర్చున్న కుర్చీ ఖాళీగా ఉంది. కాఫీ సగం మిగిలింది. గాజు తలుపు అవతల ముసలాయన, చెవి దగ్గర ఫోను పెట్టుకుని, వరసలో మిగిలినవాళ్లకి చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు. జనం ఆయన చుట్టూ మూగుతున్నారు.

ఆ గుంపులోంచి దారి చేసుకుంటూ రెనీటా లోపలికి వచ్చింది. పసుపుపచ్చ జెర్సీ, చేతిలో కాగితం సంచి. "పిమెంటో చీజ్ శాండ్‌విచ్, నీకిష్టమని. బయట ఏంటి గొడవ? కోల్బీ వెళ్లిపోయాడా అప్పుడే?"

వెండెల్ ఆమెనే చూశాడు. అడగడానికి పందొమ్మిదేళ్లు దాచుకున్న ప్రశ్న. ఎన్నోసార్లు ఎన్నో రకాలుగా ఊహించుకున్నాడు. ఎప్పుడూ అరుస్తున్నట్టే ఊహించుకున్నాడు. తీరా నోట్లోంచి వచ్చింది మాత్రం, పక్కింటి విషయం అడిగినట్టు మెల్లగా.

"రెనీ, ఆ రోజు యూనివర్సిటీకి ఫోను చేసింది నువ్వేనా?"

రెనీటా సంచి బల్ల మీద పెట్టింది. జాగ్రత్తగా, పడిపోకుండా పెట్టింది. ఆమె కళ్లు అతని భుజం మీదుగా గది గుమ్మంలో నిలబడ్డ హోయ్ట్ వైపు వెళ్లి, మళ్లీ అతని దగ్గరికి వచ్చాయి. కాదని అంటుందేమోనని వెండెల్ ఎదురుచూశాడు. కాదంటే నమ్మేసేవాడు కూడా.

"నీకెవరు చెప్పారు?" అంది.